పిక్కలు పట్టేస్తున్నాయి, కప్పింగ్ చేయించుకోమంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న: కాశీనగర్ కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగర్. ఆర్మీ ర్యాలీకి తయారవుతున్నాను. పుల్అప్స్ బాగానే వస్తున్నాయి, 1.6 కిలోమీటర్ల పరుగే నాకు గండం. ఆదివారం తప్ప రోజూ తెల్లవారుజామున గుణుపూర్ వెళ్లే రోడ్డు మీద పరిగెడతాను. సాయంత్రం కబడ్డీ. ఊరి జట్టులో రైడర్ని నేనే, అందుకని అదీ మానలేను.

ఇప్పుడు ఇబ్బంది ఏటంటే, పిక్కలూ తొడ వెనక కండలూ కొయ్యబారిపోతున్నాయి. గట్టిగా పరిగెత్తిన మర్నాడు మెట్లు దిగలేను. ఆ పై రోజు ఇంకా ఎక్కువ. కాస్త సర్దుకుంటోంది అనుకునేసరికి మళ్లీ పరుగు. టైము తగ్గాల్సింది పోయి పెరుగుతోంది.

పర్లాకిమిడిలో ఒక జిమ్ ట్రైనర్ కప్పింగ్ చేస్తున్నాడు. ప్లాస్టిక్ కప్పులు చర్మం మీద పెట్టి పంపుతో గాలి లాగేస్తాడు. సిట్టింగ్‌కి 600 రూపాయలు, ఐదు కలిపి తీసుకుంటే 2,500. లోపల పేరుకున్న ల్యాక్టిక్ యాసిడ్, టాక్సిన్లు అన్నీ బయటికి వచ్చేస్తాయనీ, మరక ఎంత నల్లగా వస్తే లోపల అంత చెడు ఉన్నట్టనీ చెప్పాడు. ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ ఒంటి మీద గుండ్రటి మరకలున్న ఫోటో గోడకి అంటించాడు.

మా నాన్న ఆటో తోలుతాడు. 2,500 అడగాలంటే నాకు నోరు రావట్లేదు. కానీ నిజంగా పనిచేస్తే ఎలాగో ఒకలా సర్దుకుంటాను. పరుగు తీసేవాళ్లు ఎవరైనా చేయించుకున్నారా? ర్యాలీకి ఎన్ని రోజుల ముందు చేయించుకోవాలి? మెడికల్లో ఆ మరకలు చూసి ఏమైనా అంటారా?


జవాబు: బరంపురం ఐరన్

తమ్ముడూ, నేను డెడ్‌లిఫ్ట్‌లు కొడతాను. నడుం పైన, భుజాల మధ్య పట్టేసినప్పుడు కప్పులు పెట్టించుకుంటాను. ఆ సాయంత్రం ఒళ్లు తేలికపడుతుంది, మెడ ఇటూ అటూ హాయిగా తిరుగుతుంది. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. మరకలు వారం పైనే ఉంటాయి, నొప్పి ఉండదు. కాళ్లకి మాత్రం ఎప్పుడూ పెట్టించలేదు. నాకు మేలు చేసింది, అది మాత్రం నిజం. కాకపోతే ఐదు సిట్టింగుల డబ్బు ముందే కట్టకు, ఒకటి చేయించుకుని చూడు.


జవాబు: రాయగడ ఫిజియో

తమ్ముడూ, నేను ఫిజియోథెరపిస్టుని. పుట్టిల్లు పర్లాకిమిడి, పని రాయగడలో. నా దగ్గర కప్పుల సెట్టు ఉంది, వాడతాను కూడా. కాబట్టి కప్పింగ్ మీద పగతో రాస్తున్నానని అనుకోకు. ఆటో తోలే నాన్నని 2,500 అడిగే ముందు నువ్వు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

ముందు ఆ యాసిడ్ మాట. గట్టిగా పరిగెత్తినప్పుడు రక్తంలో పెరిగిన ల్యాక్టేట్ ఒక గంటలోపే దాదాపు మామూలు స్థాయికి దిగిపోతుంది. గుండె, కాలేయం, కండరాలే దాన్ని వాడేసుకుంటాయి. మర్నాటికి లాగడానికి అక్కడ ఏమీ మిగలదు. నీకు మెట్లు దిగుతున్నప్పుడు వచ్చే నొప్పి వేరు. కండరం సాగుతూనే బరువుని ఆపాల్సి వచ్చినప్పుడు, అంటే వాలు దిగుతున్నప్పుడో, కబడ్డీలో దూసుకెళ్లి ఒక్కసారిగా ఆగి వెనక్కి మళ్లినప్పుడో, కండరపు పోగుల్లో కంటికి కనపడని చిరుగులు పడతాయి. వాటిని బాగుచేసుకోవడానికి శరీరం అక్కడ వాపు తెస్తుంది. ఆ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. రెండో రోజు నీకు ఎక్కువగా ఉండేది అందుకే. నువ్వేమో సరిగ్గా ఆ రోజే మళ్లీ రోడ్డెక్కుతున్నావు, సాయంత్రం మళ్లీ కోర్టులో దిగుతున్నావు. కండకి కోలుకునే సందు ఏదీ?

ఇక కప్పు చేసే పని. మాలిష్ కండని లోపలికి నొక్కుతుంది, కప్పు చర్మాన్నీ దాని కింది పొరల్నీ పైకి లాగుతుంది. లాగినచోటికి రక్తం చేరుతుంది, సన్నటి రక్తనాళాలు చిట్లి నెత్తురు చర్మం కింద పరుచుకుంటుంది. మరక అంటే అదే, ఇంకేమీ కాదు. దాని రంగు ఎంత గట్టిగా లాగారు, ఎంతసేపు ఉంచారు, నీ చర్మం ఎలాంటిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను పంపు ఇంకో రెండుసార్లు ఎక్కువ లాగితే ఎంత ఆరోగ్యవంతుడికైనా నల్లటి మరక వస్తుంది. రక్తంలోని చెత్తని వడకట్టే పని కాలేయానిది, మూత్రపిండాలది. అది వీపు మీద కప్పు పెడితే అయ్యే పని కాదు.

మరి పైన బరంపురం అన్న చెప్పిన తేలిక? అది నిజమే, నా దగ్గరికి వచ్చేవాళ్లూ అదే చెబుతారు. బిగుసుకున్నచోట చర్మం సాగుతుంది, ఆ లాగుడు తెలుస్తుంటే నొప్పి తెలియడం కాసేపు తగ్గుతుంది, మనిషి పది నిమిషాలు కదలకుండా పడుకుంటాడు. ఆటగాళ్ల మీద కప్పింగ్ గురించి జరిగిన పరీక్షల్ని 2018లో ఒకచోట చేర్చి సమీక్షించారు. 11 పరీక్షలు, మొత్తం 498 మంది. నొప్పి తగ్గిందనీ కదలిక మెరుగైందనీ చెప్పినవి ఉన్నాయి గానీ, పరీక్షలు జరిపిన తీరు గట్టిగా లేదు. అందుకే ఆటగాళ్లకి వాడమనీ చెప్పలేం, వద్దనీ చెప్పలేం అని తేల్చారు. ఫైబ్రోమయాల్జియా అనే ఒళ్లునొప్పుల జబ్బు ఉన్నవాళ్ల మీద 2016లో ఇంకో పరీక్ష చేశారు. కొందరికి అసలు కప్పులు, కొందరికి లాగుడు నిలవకుండా సన్నటి రంధ్రం పెట్టిన ఉత్తుత్తి కప్పులు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ల కంటే కప్పులవాళ్లకి మేలనిపించింది, కానీ అసలు కప్పుకీ ఉత్తుత్తి కప్పుకీ మధ్య తేడా తేలలేదు.

ఫెల్ప్స్ సంగతికొస్తే, 2016 రియోలో ఆయన 5 స్వర్ణాలు, ఒక రజతం గెలిచాడు. ఆ మరకల్ని ప్రపంచమంతా చూసిందీ అక్కడే. కానీ అప్పటికే ఆయన ఖాతాలో 22 ఒలింపిక్ పతకాలు ఉన్నాయి. అలాంటి ఈతగాడి వెనక ఏళ్ల తరబడి కోచ్, కొలిచి పెట్టిన తిండి, లెక్కగా ఇచ్చిన విశ్రాంతి ఉంటాయి. వాటిని ఫోటో తీసి గోడకి అంటించలేం కదా.

నేను వాడే పద్ధతి చెబుతాను. గట్టి ప్రాక్టీసు అయిన మర్నాడు, కండ మందంగా ఉన్నచోట మాత్రమే, తక్కువ లాగుడుతో ఐదు నిమిషాలు. లేదంటే నూనె రాసి కప్పుని మెల్లగా జరుపుతాను. తీసిన వెంటనే ఆ కాలితోనే వ్యాయామం చేయిస్తాను. ఆ హాయిగా ఉన్న కాసేపట్లో కాలు బాగా కదిలితేనే కప్పు పెట్టినందుకు ఫలం. పది నిమిషాలు దాటనివ్వను, ఎక్కువసేపు ఉంచితే బొబ్బలు వస్తాయి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకీ, దెబ్బ తగిలితే రక్తం ఆగనివాళ్లకీ, చర్మం మీద పుండో గజ్జో ఉన్నచోటా, ఉబ్బిన నరాల మీదా పెట్టను. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే అసలు ముట్టుకోను. అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, నేరుగా ఆసుపత్రికి పంపేస్తాను.

ఇప్పుడు నువ్వు చెప్పాల్సింది. నొప్పి కండ అంతటా, రెండు కాళ్లలోనూ ఉందా, లేక ఒక్క వేలితో చూపించగలిగే చోటు ఏదైనా ఉందా? ముఖ్యంగా మోకాలి కింద ముందరి ఎముక మీద నొక్కి చూడు. గట్టిగా పరిగెత్తిన తర్వాత ఒంటేలు ఎప్పుడైనా టీ డికాక్షన్ రంగులో వచ్చిందా? వస్తే అది కండరాలు చితికి మూత్రపిండాల మీద పడుతున్న గుర్తు, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. రోజూ ఏం తింటున్నావు, ఎన్ని గంటలు పడుకుంటున్నావు? మీ ఇంట్లో గానీ చుట్టాల్లో గానీ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే, వంశంలో వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు ఉన్నారా? మన వైపు ఒళ్లు నొప్పులంటే ఈ చివరి మాట అడగకుండా నేను ఎవరికీ వైద్యం మొదలెట్టను.


జవాబు: కాశీనగర్ కుర్రాడు

అక్కా, ఇంత ఓపికగా రాసినందుకు దణ్ణం. నొక్కి చూశాను. పిక్కల్లో రెండు వైపులా అంతటా ఉంది. కానీ ఎడమ కాలి ముందరి ఎముకకి లోపలి అంచున, చీలమండకి జానెడు పైన ఒకచోట నొక్కితే ప్రాణం పోతోంది. అక్కడ పరుగు మొదలెట్టగానే నొప్పి, ఈమధ్య రాత్రి పడుకున్నాక కూడా సలుపుతోంది. ఒంటేలు రంగు ఎప్పుడూ మారలేదు. పొద్దున పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం), ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, చారు, ఏదో ఒక కూర. గుడ్డు ఎప్పుడైనా. పడుకునేసరికి 11 దాటుతుంది, 4 గంటలకి లేస్తాను. మా మేనత్త కొడుక్కి సికిల్ సెల్ ఉంది. నాకు ఎవరూ టెస్టు చెయ్యలేదు.


జవాబు: సిరొంచ రైడర్

నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. నేను గూడ కబడ్డీనే ఆడ్త. తమ్మీ, గాలి కప్పుల సంగతి అక్క చెప్పింది. ఇంకోటి ఉంటది, గాట్లు పెట్టి నెత్తురు గుంజుతరు, హిజామా అంటరు. ఎవలన్న గది చేపిచ్చుకోమని చెప్తే మాత్రం పోటీలకు ముంగట జెయ్యకు.

మా టీంల ఒక పోరడు టోర్నమెంట్ ముంగట చేపిచ్చుకున్నడు. కాళ్లల్ల చెడు రక్తం ఉన్నది, తీస్తే ఉరుకుడు పెరుగుతదని చెప్పిన్రట. రెండో రైడ్‌కే ఎగపోసుడు మొదలైంది. కోర్టు బయట కూలవడితే నేనే పట్టుకున్న. దవాఖాన్ల చూస్తే వానికి ముందుగాల్నే రక్తం తక్కువున్నది. ఉన్న కాసింత గూడ తీసుడాయె. వాడు మంచిగనే ఉన్నడిప్పుడు, గని ఆ పొద్దు వాళ్ల అమ్మ మొఖం నేను మర్వను. బ్లేడు కొత్తదా పాతదా గూడ వాడు చూడలేదట.


జవాబు: రాయగడ ఫిజియో

సిరొంచ తమ్ముడు చెప్పినదాన్ని అందరూ చదవండి. కొమ్ముతో, సొరకాయ బుర్రతో, జలగతో నెత్తురు తీయడం సుశ్రుత సంహితలోనే ఉంది, యునానీలో హిజామా ఇప్పటికీ ఉంది. ఆ వైద్యాల్ని నేను తీసిపారెయ్యను. కానీ పరుగు తీసేవాడికి ఆక్సిజన్ మోసుకెళ్లేది ఎర్ర రక్తకణాలు. పోయిన నీరు ఒకటి రెండు రోజుల్లో తిరిగొస్తుంది, కణాలు తిరిగి రావడానికి వారాలు పడుతుంది. మన పిల్లల్లో చాలామందికి రక్తం అంతంతమాత్రమే. పైగా ఒకరికి వాడిన బ్లేడు, కప్పు ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి, సి అంటుకోవచ్చు.

కాశీనగర్ తమ్ముడూ, ఇప్పుడు నీ సంగతి. ఆ ఎడమ కాలి ఎముక మీద కప్పు గానీ, మాలిష్ గానీ, వేడి కాపడం గానీ ఏదీ వద్దు. పరుగు ఈ రోజు నుంచే ఆపు. కబడ్డీ కూడా. ఒక్కచోటే నొప్పి, అదీ ఎముక మీద, రాత్రిళ్లు సలపడం: ఇవి స్ట్రెస్ ఫ్రాక్చర్ లక్షణాలు కావచ్చు. గట్టి రోడ్డు మీద రోజూ కొట్టుకున్న ఎముకకి బాగుపడే సమయం దొరక్క సన్నటి చీలిక వస్తుంది. అవునో కాదో చూసి చెప్పాల్సింది ఎముకల డాక్టరు, ఇక్కడ రాసింది చదివి నేను తేల్చకూడదు. ఒక జాగ్రత్త: మొదటి రెండు మూడు వారాల్లో తీసిన ఎక్స్‌రేలో ఈ చీలిక కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుంది అన్నారని సంబరపడి మర్నాడే పరిగెత్తకు. నొప్పి అలాగే ఉంటే మళ్లీ తీయిస్తారు, లేదా ఎంఆర్ఐ రాస్తారు. ఇప్పుడు ఆగితే వారాల్లో పోయేది, దీని మీదే పరిగెత్తితే పూర్తిగా విరిగి నెలలు మంచాన పడేస్తుంది. ఆ ట్రైనర్ కప్పు పెట్టి నొప్పి కాస్త తగ్గించి ఉంటే నువ్వు ఇంకా గట్టిగా పరిగెత్తి ఉండేవాడివి. నా భయమంతా అదే.

సికిల్ సెల్ టెస్టు తప్పకుండా చేయించుకో. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలెట్టింది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తారు. మొదట వేలి నుంచి రక్తం తీసి చూస్తారు, అనుమానం ఉంటే ఇంకో పరీక్షతో ఖాయం చేస్తారు. జబ్బే ఉంటే చాలామందిలో ఈ వయసుకి బయటపడుతుంది, నీకు ఉంటే గింటే వాహక లక్షణం, అంటే జబ్బు లేకుండా దాని జన్యువు ఒక్కటే ఉండటం, అయి ఉండొచ్చు. ఏదైనా టెస్టే తేల్చాలి. వాహకులు ఆటలాడొచ్చు, భయపడకు. కాకపోతే ఎండలో నీళ్లు తాగకుండా, అలవాటు లేకుండా ఒక్కసారిగా ప్రాణం పెట్టి పరిగెత్తితే వాళ్ల కండరాలు చితికిపోయే ప్రమాదం ఎక్కువ. ఆ సంగతి పరుగు తీయించేవాళ్లకి ముందే తెలిసి ఉండాలి.

తిండి. 60 కిలోల కుర్రాడు ఇంత కష్టం చేస్తుంటే రోజుకి 85 నుంచి 120 గ్రాముల ప్రోటీన్ కావాలి. పఖాళ తినడం మానొద్దు, పక్కన రెండు గుడ్లు పెట్టుకో. ఉలవలు ఉడకబెట్టిన నీళ్లు చారు చేసుకుని ఉలవలు పారబోస్తుంటారు చాలా ఇళ్లలో, ఆ ఉలవలే తిను. చోడి (రాగి) అంబలి రోజూ తాగు, ఎముకకి కావాల్సిన కాల్షియం మన తిండిగింజల్లో చోళ్లలో ఉన్నంత ఇంకెందులోనూ లేదు. చిన్న ఎండుచేపలు ముల్లుతో సహా తిను. గుడ్డు 7 రూపాయలు అనుకున్నా ఆ 2,500కి 350 గుడ్లు పైనే వస్తాయి. 9 గంటలకి ఫోను అమ్మ చేతికిచ్చి పడుకో. ఐదు గంటల నిద్రతో కోలుకునే కండరం నేను ఇంతవరకు చూడలేదు.


జవాబు: గంజాం మాజీ హవల్దార్

బాబూ, నేను సైన్యంలో చేసి వచ్చి ఇప్పుడు ఊళ్లో పిల్లలకి పరుగు నేర్పుతున్నాను. అమ్మాయి చెప్పింది అక్షరాలా విను. ర్యాలీ ఈసారి కాకపోతే మళ్లీ వస్తుంది, వయసు ఎంతవరకు ఉందో లెక్క చూసుకో.

డాక్టరు సరే అన్నాక రోడ్డు వదిలెయ్. కాలేజీ గ్రౌండు మట్టి ఉంటే అక్కడ, లేకపోతే గడ్డి ఉన్నచోట. బూట్లు అడుగు అరిగిపోయాయేమో చూసుకో. రోజూ ఒకే వేగంతో చచ్చేలా పరిగెత్తడం తయారీ కాదు. నా దగ్గర గట్టి పరుగు వారానికి రెండుసార్లే, మధ్య రోజుల్లో మాట్లాడుకుంటూ పరిగెత్తేంత నెమ్మది, ఒక రోజు పూర్తి విశ్రాంతి. గట్టి పరుగు ఉన్న రోజు కబడ్డీ ఉండదు. అప్పటిదాకా దమ్ము పోకుండా సైకిల్ తొక్కుకో, అదీ కాలు నొప్పి పెట్టకపోతేనే. పుల్అప్స్‌కి ఎలాగూ కాలితో పని లేదు.

మరకల గురించి అడిగావు. మెడికల్లో బట్టలు విప్పించి ఒళ్లంతా చూస్తారు. కొత్తగా కమిలిన మరకలుంటే డాక్టరు ఇదేమిటని అడుగుతాడు, నువ్వు సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ తలనొప్పి ఎందుకు? మరక పూర్తిగా పోవడానికి రెండు వారాలు కూడా పట్టొచ్చు. ర్యాలీ దగ్గరపడ్డాక కొత్తది ఏదీ చెయ్యకు, కొత్త బూట్లు కూడా తొడగకు.


జవాబు: బరంపురం ఐరన్

ఫిజియో అక్క రాసింది చదివాక ఒక మాట. తమ్ముడూ, ఒకటి చేయించుకుని చూడమన్నాను కదా, అది కండ నొప్పి అనుకుని చెప్పాను. ఎముక నొప్పి ఉన్న కాలికి ఒక్కటి కూడా వద్దు. అక్కా, నాకొక సందేహం: నా నడుం మీద కప్పు పెట్టేవాడు వెన్నెముక మీదే పెడుతున్నాడు. పరవాలేదా?


జవాబు: రాయగడ ఫిజియో

ఎముక మీద కప్పు సరిగ్గా పట్టదు, చర్మం పలచగా ఉండి ఊరికే కమిలిపోతుంది. వెన్నెముకకి రెండు పక్కలా ఉన్న కండ మీద పెట్టమనండి. కప్పులు ఒకరికి వాడాక కడిగి, క్రిమిసంహారకం పెట్టి ఆరబెడుతున్నారో లేదో మీ కళ్లతో చూడండి. నడుం నొప్పి కాలిలోకి దిగినా, తిమ్మిరి వచ్చినా కప్పులు ఆపి డాక్టరుకి చూపించుకోండి.


జవాబు: కాశీనగర్ కుర్రాడు

నాన్నకి అంతా చెప్పాను. సోమవారం ఆటో తియ్యనని, తనే బరంపురం మెడికల్ కాలేజీకి తీసుకెళ్తానని అన్నాడు. ఎక్స్‌రే, సికిల్ సెల్ టెస్టు రెండూ అడుగుతాం. మా కెప్టెన్ కోపంగా ఉన్నాడు, ఇక్కడ రాసినవి ఫోనులో చదివి వినిపించాను, కాస్త మెత్తబడ్డాడు. అమ్మ ఈ రాత్రే ఉలవలు నానబెట్టింది. అక్కా, ఒంటికాలి మీద గెంతి చూస్తే చీలిక ఉందో లేదో తెలిసిపోతుందని మా ఫ్రెండు అంటున్నాడు. చూడమంటారా?


జవాబు: రాయగడ ఫిజియో

వద్దు. అది డాక్టరు ఎదురుగా, ఆయన చూడమంటేనే. సోమవారం దాకా ఆ కాలు మీద వీలైనంత తక్కువ బరువు వెయ్యి, బస్టాండులో, లైన్లో నిలబడాల్సి వస్తే నాన్న భుజం పట్టుకో. రిపోర్టులో ఏముందో ఇక్కడ రాయి, పేరు, నంబర్లు కనపడకుండా. దాన్ని బట్టి ఏ వారం ఏం మొదలెట్టాలో నేనూ హవల్దార్ గారూ కలిసి రాసిస్తాం.